కార్జపు జలగ కథ: గుడ్డు నుంచి గడ్డి దాకా

(మహిళల చదువుల కేంద్రాల కోసం రాసిన ప్రసంగ పాఠం. ఒకరు పైకి చదవండి. మిగతావారు వినండి. ఒక్కో భాగం అయ్యాక ఆగి మాట్లాడుకోండి.)



ఈ రోజు గేదె గురించి మాట్లాడుకుందాం. గేదె కడుపులో కాపురం పెట్టే ఒక పురుగు గురించి కూడా మాట్లాడుకుందాం. ఆ పురుగు పిల్లల్ని ఎలా కంటుందో తెలిస్తే, మన గేదెను ఎలా కాపాడుకోవాలో తెలుస్తుంది.

గేదె ఎందుకు చిక్కింది?

బందరు వైపు చూడండి. గుడివాడ వైపు చూడండి. దివిసీమలో అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు చూడండి. ఎక్కడ చూసినా గేదె పని ఆడవాళ్ళదే. తెల్లవారక ముందే పేడ తీసేది ఆడవాళ్ళు. గట్ల మీద గడ్డి కోసుకొచ్చేది ఆడవాళ్ళు. కుడితి పెట్టేది, పాలు పిండేది, పాలకేంద్రంలో పోసేది కూడా ఆడవాళ్ళే.

ఆ పాల డబ్బే పిల్లల పుస్తకాలకు వస్తుంది. సంఘంలో తీసుకున్న అప్పు వాయిదాకు వస్తుంది. ఇంట్లో ఉప్పు పప్పులకు వస్తుంది. గేదె పాలు తగ్గితే ఇల్లే తగ్గిపోతుంది.

కొన్ని గేదెలు ఉన్నట్టుండి చిక్కుతాయి. మేత తింటూనే ఉంటాయి. కానీ ఒంటికి పట్టదు. వెంట్రుక మెరుపు పోయి గరుకుగా లేస్తుంది. కంటి రెప్ప లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి తెల్లగా ఉంటుంది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. పేడ ఒకనాడు పలచగా, ఒకనాడు గట్టిగా పడుతుంది. "మొన్నటిదాకా పూటకి మూడు లీటర్లు ఇచ్చేదండి, ఇయ్యాల లీటరున్నర కూడా రావట్లేదండి" అంటారు.

కొందరు దిష్టి తగిలిందంటారు. మెడలో నల్లతాడు కడతారు. కొందరు మందు పోయిస్తారు. మందు పోస్తే గేదె తేరుకుంటుంది. మళ్ళీ ఏడాదికి అదే జబ్బు! "మందు పోసినా ఎందుకు పోలేదు?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు గేదెలో ఒక్కచోటే లేదు. కొంత కాలువలో ఉంది. కొంత నత్తలో ఉంది. కొంత గడ్డి పరక మీద ఉంది.

జలగ అంటే ఏ జలగ?

చెరువులో దిగితే కాలికి పట్టుకునే జలగ మనకు తెలుసు. ఇది అది కాదు. దీన్ని కార్జపు జలగ అంటారు. కార్జం అంటే కాలేయం. దీని జబ్బును జలగ రోగం అంటారు.

ఇది పలచగా, చదునుగా ఉంటుంది. వేపాకు రెక్క ఒకటి తుంచి అరచేతిలో పెట్టుకోండి. ఇంచుమించు అంతే ఉంటుంది. పొడవు రెండున్నర నుంచి ఏడున్నర సెంటీమీటర్లు. రంగు బూడిద కలిసిన గోధుమ రంగు. దీనికి కాళ్ళు లేవు. కళ్ళు లేవు. పట్టుకోవటానికి రెండు పీల్చుడు గిన్నెలు ఉంటాయి. ఒకటి నోటి చుట్టూ, ఇంకొకటి దానికి కాస్త కింద.

కార్జం నుంచి పైత్యరసం పారే సన్నని గొట్టాలు ఉంటాయి. కోడిని కోసినప్పుడు చేదుకట్టు చూస్తాం కదా, అందులో ఉండే పచ్చని రసమే పైత్యరసం. ఆ గొట్టాల్లో జలగలు చేరతాయి. గొట్టం గోడను కొరుకుతాయి. రక్తం తాగుతాయి. గొట్టాలు మందంగా, గట్టిగా అయిపోతాయి. అందుకే గేదెకు రక్తం తగ్గుతుంది. రక్తంలో బలం తగ్గితే దవడ కింద నీరు దిగుతుంది.

గేదెలకే కాదు. ఆవులకు, గొర్రెలకు, మేకలకు కూడా ఈ జలగ పడుతుంది.

ఆడా మగా ఒకే ఒంట్లో

మన ఇళ్ళలో కోడిపెట్ట వేరు, కోడిపుంజు వేరు. గేదె వేరు, దున్నపోతు వేరు. కార్జపు జలగకు అలా కాదు. ఒక్క జలగ ఒంట్లోనే ఆడ అవయవాలూ ఉంటాయి, మగ అవయవాలూ ఉంటాయి. అంటే పట్టుకున్న ప్రతి జలగా గుడ్లు పెట్టేదే!

దాని ఒళ్ళంతా దాదాపు గుడ్లు తయారుచేసే కార్ఖానాయే. ఒకచోట గుడ్డు కణం తయారవుతుంది. ఒంటికి రెండు పక్కలా సొన గ్రంథులు బారులు తీరి ఉంటాయి. ఒక్క గుడ్డు కణం చుట్టూ ముప్ఫై దాకా సొన కణాలు చేరతాయి. కోడిగుడ్డులో సొన గుడ్డు కణంలోనే ఉంటుంది. ఇక్కడ సొన వేరే కణాలుగా వచ్చి చుట్టూ కూర్చుంటుంది. దూర ప్రయాణం పోయే బిడ్డకు అన్నం మూట కట్టి పంపినట్టు అన్నమాట. తరవాత వాటన్నిటి మీదా పెంకు ఏర్పడుతుంది. మొదట మెత్తగా ఉన్న పెంకు, పచ్చి తోలు పదును పెడితే గట్టిపడినట్టు గట్టిపడుతుంది. పెంకుకు ఒక చివర చిన్న మూత ఉంటుంది. ఆ మూత సంగతి మళ్ళీ వస్తుంది. గుర్తుపెట్టుకోండి.

ఒక జలగ రోజుకు వేల గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు పైత్యరసంతో పాటు పేగుల్లోకి జారతాయి. పేడతో బయట పడతాయి. గుడ్డు కంటికి కనపడదు. ఆరేడు గుడ్లు వరుసగా పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది. పైత్యరసం అంటి గుడ్డు బంగారు పసుపు రంగులో ఉంటుంది. పశువుల ఆస్పత్రిలో పేడను నీళ్ళలో కలుపుతారు. వడకట్టి తేరనిస్తారు. బరువైన గుడ్లు అడుగుకు చేరతాయి. ఆ అడుగు మడ్డిని సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పసుపు గుడ్లు కనిపిస్తే అది కార్జపు జలగే.

గుడ్డు లోపల ఏం జరుగుతుంది?

పేడలో పడిన గుడ్డులో ఇంకా పిల్ల లేదు. ఒక కణం, దాని చుట్టూ సొన, అంతే. అది పిల్ల కావాలంటే మూడు కావాలి. తడి కావాలి. గాలి కావాలి. వెచ్చదనం కావాలి.

పేడ ముద్దలో ఉన్నంత సేపు గుడ్డు అలాగే ఉండిపోతుంది. వాన పడి పేడ కరిగిందనుకోండి. లేదా గేదె కాలువలోనే పేడ వేసిందనుకోండి. గుడ్డు నీళ్ళలోకి వస్తుంది. ఇక మొదలు. ఒక కణం రెండవుతుంది. ఆ రెండు మళ్ళీ విడిపోతాయి. అలా విడిపోతూ విడిపోతూ కణాల ముద్ద అవుతుంది. సొన కరిగి దానికి ఆహారమవుతుంది. ముద్ద పొడుగు సాగుతుంది. ముందు కొన సూదిగా అవుతుంది. రెండు చిన్న కంటి చుక్కలు ఏర్పడతాయి. ఒంటి నిండా సన్నని నూగు మొలుస్తుంది.

వేడి బాగుంటే ఇదంతా రెండు మూడు వారాల్లో అయిపోతుంది. చలి ఎక్కువైతే ఆలస్యమవుతుంది. ఎండి పోతే గుడ్డు చచ్చిపోతుంది. మన డెల్టాలో వానాకాలం తడికీ లోటు లేదు, వెచ్చదనానికీ లోటు లేదు.

నీళ్ళలో ఒక్క రోజు

వెలుతురు తగిలితే గుడ్డులో పిల్ల కదులుతుంది. గుడ్డు మూత తెరుచుకుంటుంది. పిల్ల నీళ్ళలోకి వస్తుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మూత ఇదే.

ఈ పిల్లకు తల్లి పోలిక ఏమీ లేదు. ఆకులా ఉండదు. ఒంటి నూగును తెడ్లలా ఆడిస్తూ నీళ్ళలో గిరగిరా ఈదుతుంది. ఇది ఏమీ తినదు. సొనలోంచి దాచుకున్న బలంతోనే బతకాలి. ఆ బలం సుమారు ఒక రోజుకే సరిపోతుంది. ఆ ఒక్క రోజులో దీనికి ఒక నత్త దొరకాలి. దొరక్కపోతే చావే.

ఏ నత్తయినా పనికిరాదు. కొందరు వండుకు తినే పెద్ద నత్త గుల్లలు దీనికి పనికిరావు. పలచని పెంకుతో, కొన సూదిగా, నోరు వెడల్పుగా, బొటనవేలి గోరంత ఉండే చిన్న నత్త కావాలి. కాలువ అంచుల్లో, మురుగు బోదెల్లో, గుర్రపుడెక్క కాడల మీద, వరి మడి నీళ్ళలో అలాంటివి పాకుతూ ఉంటాయి. ఈ నత్తలు ఉప్పునీళ్ళలో బతకవు. సముద్రపు ఒడ్డున మడ అడవుల నీళ్ళలో ఇవి ఉండవు. కృష్ణ కాలువ నీళ్ళు పారిన చోటే వీటి రాజ్యం.

నత్త కడుపులో

ఇదే అసలు సంగతి. జాగ్రత్తగా వినండి.

నత్త దొరకగానే పిల్ల తన సూది కొనతో నత్త ఒంటిని తొలుస్తుంది. నూగు చొక్కా విప్పి బయటే పారేస్తుంది. లోపలికి పోతుంది. అక్కడ ఒక సంచిలా మారిపోతుంది. ఆ సంచికి నోరు లేదు, కడుపు లేదు. కానీ సంచి నిండా విత్తనాల్లాంటి కణాలు ఉంటాయి. ఆ కణాలు ఒక్కొక్కటి ఒక్కో పిల్ల అవుతుంది. దానికి తోడు అక్కర్లేదు. జత కట్టటం లేదు.

ఈ పిల్లలు సంచి చీల్చుకుని బయటికి వస్తాయి. వీటికి నోరు ఉంది. చిన్న పేగు ఉంది. నత్త కార్జంలోకి పోయి దాన్ని తింటాయి. వీటి ఒంట్లో మళ్ళీ పిల్లలు పుడతాయి. అమ్మ కడుపులో బిడ్డ, ఆ బిడ్డ కడుపులో అప్పుడే మనవరాలు!

చివరికి పుట్టే పిల్లలకు తోక ఉంటుంది. వానాకాలం నీటి గుంటల్లో కప్ప పిల్లలు తోకలతో ఈదుతాయి కదా, ఆ ఆకారం. అయితే చాలా చిన్నవి. వేడిని బట్టి నెలన్నర నుంచి రెండున్నర నెలల్లో ఇవి నత్త నుంచి నీళ్ళలోకి వస్తాయి.

నత్తలోకి పోయింది ఒక్క పిల్ల. బయటికి వచ్చేవి వందలు. అన్నీ ఒకే అచ్చు. ఒక్క గింజ నాటితే కంకి నిండా గింజలు వచ్చినట్టే. రైతు పొలంలో పండించుకుంటాడు. ఈ జలగ నత్తలో పండించుకుంటుంది.

గడ్డి మీద

తోక పిల్ల నీళ్ళలో కాసేపే ఈదుతుంది. గడ్డి పరకో, వరి దుబ్బో, తూటి కాడో తగలగానే దాన్ని అంటుకుంటుంది. తోక ఊడిపోతుంది. ఒంటి చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. చిన్న చుక్కలా పరకకు అతుక్కుని కూర్చుంటుంది. నీటి మట్టం దగ్గర, పరక అడుగు భాగంలో ఇవి ఎక్కువ. కొన్ని నీటి మీదే తేలుతాయి.

తడి ఉంటే గూడు లోపల నెలల తరబడి బతుకుతుంది. బాగా ఎండితే చస్తుంది. ఈ ఒక్క మాట మనకు చాలా పనికొస్తుంది.

మళ్ళీ గేదెలో

గేదె ఆ గడ్డి తింటుంది. లేదా ఆ నీళ్ళు తాగుతుంది. గూడు పేగులో కరుగుతుంది. పిల్ల జలగ పేగు గోడను తొలుచుకుని పొట్టలోకి వస్తుంది. అక్కడి నుంచి కార్జం చేరుతుంది. వారాల తరబడి కార్జాన్ని తొలుస్తూ తిరుగుతుంది. చెద పురుగు చెక్కను తొలిచినట్టు తొలుస్తుంది. చివరికి పైత్యరసం గొట్టంలో స్థిరపడి పెద్దదవుతుంది.

గడ్డి తిన్న నాటి నుంచి జలగ గుడ్లు పెట్టే నాటికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అంతదాకా పేడలో గుడ్లు కనపడవు. గుడ్లు లేవు కదా అని జలగ లేదనుకోకూడదు.

ఒక లెక్క

మనం లెక్కలు నేర్చుకున్నాం కదా. ఒక లెక్క వేద్దాం. ఇది అర్థం కావటానికి వేసే లెక్క మాత్రమే.

ఒక గేదె పేడతో 10,000 గుడ్లు కాలువలో పడ్డాయనుకుందాం. అందులో 9,990 చచ్చిపోయాయి. పదే పది పిల్లలకు నత్తలు దొరికాయి. ఒక్కో దాని నుంచి 200 తోక పిల్లలు వచ్చాయి. 10 x 200 = 2,000. రెండు వేల గూళ్ళు గడ్డి మీద చేరాయి. పదివేలలో పది బతికినా చాలు, ఊళ్ళో గేదెలన్నిటికీ పంచటానికి!

మందు పోసినా జబ్బు ఎందుకు తిరిగి వచ్చిందో ఇప్పుడు చెప్పండి. మందు గేదెలో ఉన్న జలగల్ని చంపింది. నత్తలో ఉన్నవాటికి, గడ్డి మీద ఉన్నవాటికి మందు ఎవరు పోశారు?

ఇదంతా ఎవరు కనిపెట్టారు?

ఫ్రాన్సు దేశంలో జాన్ ద బ్రీ అనే గొర్రెల కాపరి ఉండేవాడు. గొర్రెల కార్జంలో జలగలుంటాయని ఆయన 1379లోనే చెప్పాడు. కానీ అవి ఎలా వస్తాయో తెలియటానికి ఇంకా 500 ఏళ్ళు పట్టింది. 1879, 1880లలో ఇంగ్లండులో లక్షల గొర్రెలు ఈ రోగంతో చచ్చాయి. అప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో థామస్ అనే యువకుడు, జర్మనీలో లాయ్‌కార్ట్ అనే పండితుడు ఎవరికి వారే వెతికారు. 1883 నాటికి నత్త సంగతి తేల్చారు.

వాళ్ళు చూసింది చలి దేశాల జలగ. మన డెల్టాలో ఉండేది దాని అక్క. వేడి దేశాల జలగ, ఇంకా పొడుగు. దీన్ని 1855లో కాబోల్డ్ అనే ఆయన మొదట వివరించాడు. ఎందులో చూశాడనుకున్నారు? జిరాఫీలో!

గురక జబ్బు, నాట్ల దురద

కార్జపు జలగకు చుట్టాలున్నాయి. పొట్ట జలగలు అని ఒక రకం. ఇవి ఎక్కువగా పడితే దూడలకు విపరీతంగా పారుకుంటుంది. ఇవీ నత్తల ద్వారానే వస్తాయి.

ఇంకొక చుట్టం పశువు ముక్కు రక్తనాళాల్లో ఉంటుంది. ముక్కులో కండ పెరుగుతుంది. గాలి ఆడదు. పశువు గురక పెడుతుంది. ముక్కు నుంచి చీమిడి, ఒక్కోసారి రక్తం కారుతుంది. దీన్ని గురక జబ్బు అంటారు. ఆవులకు, ఎద్దులకు బాధ ఎక్కువ. గేదెలకు పైకి అంతగా కనపడదు. ఈ పురుగును 1933లో మద్రాసులో ఎం. అనంత నారాయణ రావు గారు వివరించారు. అప్పుడు కృష్ణా జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

దీని పద్ధతి వేరు. ఇందులో ఆడది వేరు, మగది వేరు. మగదాని ఒంటికి కాలువలాంటి మడత ఉంటుంది. ఆడది ఆ మడతలోనే ఒదిగి ఉంటుంది. దీని గుడ్డు చీమిడితో బయట పడేసరికే లోపల పిల్ల తయారై ఉంటుంది. నీళ్ళు తగలగానే బయటికి వస్తుంది. చుట్టలా చదునుగా చుట్టుకుని ఉండే నత్తలోకి పోతుంది. నత్తలోంచి వచ్చిన తోక పిల్ల గూడు కట్టదు. గడ్డి కోసం చూడదు. నీళ్ళలో నిలబడ్డ పశువు చర్మం తొలుచుకుని సరాసరి ఒంట్లోకి పోతుంది.

నాట్లు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు కాళ్ళకు దురద, దద్దుర్లు రావటం మీకు తెలుసు. దానికి చాలా కారణాలున్నాయి. ఎరువులు, పురుగు మందులు, బురద, ఒరుపు. ఈ తోక పిల్లలు కూడా ఒక కారణం. పశువు కాలనుకుని మనిషి కాలును తొలుస్తాయి. మన ఒంట్లో బతకలేక చర్మంలోనే చచ్చిపోతాయి. దురద మాత్రం మనకు మిగులుతుంది. మడి నుంచి రాగానే కాళ్ళు తుడుచుకోవాలి. శుభ్రమైన నీళ్ళతో కడుక్కోవాలి. గోకి పుండు చేసుకోకూడదు. తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. "కూలి పనిలో ఇది మామూలే" అని ఊరుకోవద్దు.

గొలుసు ఎక్కడ తెంపాలి?

గేదె, పేడ, నీరు, నత్త, గడ్డి, మళ్ళీ గేదె. ఇదొక గొలుసు. గొలుసుకు ఏ ఒక్క లింకు తెగినా చాలు. మన చేతిలో ఉన్న లింకులు ఏవో చూద్దాం.

మొదటిది పేడ. పచ్చి పేడ కాలువలోకి, చెరువులోకి పోనివ్వకూడదు. గొడ్ల చావడి కడిగిన నీళ్ళు బోదెలోకి వదలకూడదు. పేడను గొయ్యిలో కుప్ప వేయాలి. కుప్ప లోపల వేడి పుడుతుంది. ఆ వేడికి గుడ్లు చస్తాయి. కుప్పను మధ్య మధ్య తిరగవేస్తే పైన ఉన్నది కూడా లోపలికి పోయి మాగుతుంది. బాగా మాగిన ఎరువే మడికి తోలాలి.

రెండవది నీరు. గేదె నీళ్ళలో పడుకోక మానదు. కానీ తాగే నీళ్ళు వేరుగా పెట్టవచ్చు. బోరు నీళ్ళు తొట్టిలో పోసి, తాగించి, తరవాత తోలండి. దాహం తీరిన గేదె గుంట నీళ్ళు తక్కువ తాగుతుంది.

మూడవది గడ్డి. కాలువ అంచున నీళ్ళలో నానిన గడ్డి కోసి వెంటనే వేయకండి. కోసేటప్పుడు నీటి మట్టం కంటే బాగా పైకి కోయండి. వరిగడ్డిని ఎండలో తిరగేసి బాగా ఆరబెట్టి వామి వేయండి. తడి గడ్డి వామి వేస్తే గడ్డీ చెడుతుంది, గూళ్ళూ బతుకుతాయి. సార్వా కోశాక నీరు నిలిచిన పల్లపు మడుల్లో గేదెల్ని వదలకండి. మెరక మీద పిల్లిపెసర, జనుము వేసుకుంటే మంచి మేత.

నాలుగవది నత్త. నత్తల్ని చంపటానికి నీళ్ళలో విషం కలపకండి. చేపలు చస్తాయి. ఆ నీళ్ళే మనం వాడుతాం. గుర్రపుడెక్క, నాచు తీసేస్తే నత్తలకు చోటు తగ్గుతుంది. మురుగు బోదెలు పూడిక తీస్తే తగ్గుతుంది. బాతులు నత్తల్ని ఇష్టంగా తింటాయి. కోతలయ్యాక మన పొలాల్లో బాతుల మందలు దిగుతాయి కదా, అవి చేసే మేలు ఇది. ఇండోనేషియాలో ఇంకొక సంగతి చూశారు. బాతుల రెట్టలో వేరే జలగ గుడ్లు ఉంటాయి. ఆ జలగ పిల్లలు కూడా అదే నత్తలో చేరి కార్జపు జలగ పిల్లల్ని తినేస్తాయి. అందుకని బాతుల రెట్టను పశువుల పేడతో కలిపి వరి మడికి వేసి చూశారు. ముల్లును ముల్లుతోనే తీయటం అంటే ఇదే.

ఐదవది మందు. వానలకు ముందు ఒకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి పశువుల డాక్టరును అడగండి. పేడ పరీక్ష చేయించండి. మందుల షాపులో అడిగి తెచ్చి పోయకండి. కొన్ని మందులు పెద్ద జలగల్నే చంపుతాయి, పిల్ల జలగల్ని చంపవు. కొన్ని మందులు చూడి గేదెకు పనికిరావు. గేదె చూడిదైతే ఎన్నో నెలో ముందే చెప్పండి. మందు పోశాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో అడిగి తెలుసుకోండి.

కొన్ని సందేహాలు

"జలగ ఉన్న గేదె పాలు తాగితే మనకు వస్తుందా?" రాదు. పాలలో గుడ్లు ఉండవు. అయినా పాలు కాచి తాగటం అన్నిటికీ మంచిది.

"కార్జం కూర తింటే వస్తుందా?" ఉడికిన కూర వల్ల రాదు. కానీ జలగలు పట్టి గట్టిపడిన కార్జం కొనకండి.

"మనుషులకు అసలు రాదా?" అరుదుగా వస్తుంది. గూళ్ళున్న నీటి మొక్కలు పచ్చివి తింటే, కాలువ నీళ్ళు అలాగే తాగితే రావచ్చు. తూటికూర ఉడికించే తినాలి. నీళ్ళు కాచి తాగాలి. పిల్లలు నీళ్ళలో పెరిగిన కాడల్ని నోట పెట్టుకోకుండా చూడాలి.

"ఒక్క ఇల్లు జాగ్రత్త పడితే చాలా?" చాలదు. కాలువ అందరిదీ. ఒక ఇంటి పేడలో గుడ్డు ఇంకో ఇంటి గేదెకు జలగ అవుతుంది. అందుకే ఊరంతా ఒకేసారి మందు పోయించాలి. సంఘం తరపున ఒక కాగితం రాసి పశువుల ఆస్పత్రిలో ఇవ్వండి. "మా ఊళ్ళో గేదెలకు పేడ పరీక్ష చేయండి" అని నాలుగు మాటలు రాస్తే చాలు. కింద అందరూ సంతకాలు పెట్టండి. నిన్నటిదాకా వేలిముద్ర వేసిన చేతులు ఇవి. ఇప్పుడు మీ గేదె కోసం మీరే రాయగలరు.

ఈ జలగ ఇన్ని వేషాలు వేస్తుంది. ఆకులా ఉంటుంది, నూగు పిల్ల అవుతుంది, సంచి అవుతుంది, తోక పిల్ల అవుతుంది, గూడు అవుతుంది. ఏ వేషంలో ఎక్కడ ఉంటుందో ఇప్పుడు మీకు తెలుసు. రేపు గడ్డి కోసేటప్పుడు కొడవలి ఒక జానెడు పైన పెట్టండి. పక్కింటి అక్కకు కూడా ఎందుకో చెప్పండి.

సెలవు.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో గేదెలు ఏ నీళ్ళు తాగుతాయి? ఆ నీళ్ళలో నత్తలున్నాయా?
2. మీ ఇంటి పేడకుప్ప ఎక్కడ ఉంది? వాన పడితే ఆ నీరు ఎటు పోతుంది?
3. గేదెకు మందు పోసినా జబ్బు మళ్ళీ ఎందుకు వస్తుంది? మీ మాటల్లో చెప్పండి.
4. పశువుల ఆస్పత్రికి ఇవ్వటానికి నాలుగు వాక్యాల అర్జీ రాయండి.